గెట్టిమేళానికి ముందు మూడు క్యాసెట్లు

గుడియాత్తంలో మరమగ్గాల వీధి. విదేశీ క్యాసెట్లు వేలూరు బజారులోకి కొత్తగా దిగుతున్న రోజులు. ఇళ్ళు కట్టే చిన్నరాజు మేస్త్రి ఇంటి ముందు పచ్చని పందిరి, ఆ పందిట్లో సాయంకాలానికి కూతురు మీనా నిశ్చితార్థం, ఆలంగాయం పెళ్ళికొడుకుతో. ఇంటి పక్కన కట్టెల కొట్టులో, తీగల చుట్టల నడుమ, మైకు, లౌడ్‌స్పీకరు హారన్లతో రేడియోసెట్టు అద్దెకిచ్చే దొరై తల వంచుకొని, సీసం కరిగించి తీగకు అతుకు వేస్తున్నాడు. అతడు మీనాకు మేనత్త కొడుకు. గోడ అవతల మగ్గాలు మాటను మింగేసేలా ఆడుతున్నాయి. మీనా లోపలికి వచ్చి, తలుపు గడియ పెట్టి, ఎదుట నిలబడింది.

“మళ్ళీ మళ్ళీ అడగొద్దు మీనా. ఈ మూడు క్యాసెట్లలో ఒక్కటి గూడా నిచ్చయానికి పనికిరాదు.”

“అవి ఆలంగాయం నుంచి వచ్చినవి బావా. మాప్పిళ్ళ పంపినవి. సాయంత్రం పందిట్లో వెయ్యమని చెప్పి పంపినాడు.”

“పంపితే పంపినాడు. సెట్టు ఎవురిది?”

“నీది.”

“హారన్లు ఎవురివి?”

“నీవే. ముందు ఆ వినాయకుడి పాట ఆపు. ఆ పక్క మగ్గాలు, ఈ పక్క వినాయకుడు. నా మాట నాకే వినిపించలే.”

“నా చేతిలో ఈయం కరగతా ఉండాది, లేస్తే అతుకు విడిపోతాది. నువ్వే ఆపు. పెట్టె ముందర నల్ల మర ఉండాది చూడు. కుడికి తిప్పితే పాట, ఎడమకు తిప్పితే మైకు, నడిమికి పెడితే ఏమీ లేదు.”

“ఇట్లనా?”

“వంగి ఉండాను, నాకు కనపడలే. పాట ఆగిందా?”

“ఆగింది గదా.”

“అయితే సరి. తలుపు గడియ ఎందుకు పెట్టినావు? మామ చూస్తే ఏమంటాడు?”

“నాయన సత్రం కాడ ఉండాడు. మాప్పిళ్ళ వాళ్ళు దిగినారు గదా, మన పెద్దోళ్ళంతా అక్కడనే, కాఫీ తాగతా, మర్యాదలు చేసుకొంటా ఉండారు. ఇప్పట్లో రారు. నువ్వు చెప్పు. ఏం తప్పు ఈ క్యాసెట్లలో?”

“తప్పని నేననలే. నిచ్చయానికి పనికిరావంటిని.”

“ఎందుకు పనికిరావు?”

“ముందు ఆ పచ్చ అట్టది తీసుకో. అది పెద్ద కంపెనీ క్యాసెట్టు కాదు. నలుగురు పిలకాయలు ఎవురి ఇంట్లోనో కూర్చొని వాళ్ళకు వాళ్ళే రికార్డు చేసుకొన్న పాటలు.”

“దాన్ని ఇండీ అంటారు బావా. కంపెనీ కాడ చెయ్యి చాపకుండా, వాళ్ళ పాట వాళ్ళే చేసుకొనేది.”

“ఏమన్నా అనుకోనీ. రెండో పాటలో కుర్చీ కిర్రుమంటాది. ఆ తర్వాత వంటింట్లో ఎవురో గిన్నె పడేసినారు. పాడేవోడు నడిమిలో గొంతు సవరించుకొంటాడు, దాన్ని గూడా కొయ్యలే, అట్లనే పెట్టినాడు. నా అంగడికి ఎవురన్నా ఇట్లాంటిది తెస్తే, కుర్చీ కోసి, గిన్నె కోసి, దగ్గు కోసి శుభ్రంగా చేసిస్తాను.”

“అన్నీ కోసేస్తే ఇంగేం మిగులుతాది?”

“పాట మిగులుతాది.”

“మనిషి పోతాడు.”

“అబ్బో. మాప్పిళ్ళ నేర్పించిన మాటా అది?”

“నేర్పిస్తే తప్పా?”

“తప్పనలే. చెప్తా ఉండా. అది పూత పుయ్యని గోడ మీనా. ఇటిక కనపడతాది, ఇటికల నడిమి సందు కనపడతాది. మీ నాయన చూసినాడంటే మీదికెక్కి సిమెంటు పూసేదాక అన్నం ముట్టడు.”

“మా నాయన అన్నిటికీ పూస్తాడులే. ఆయన చెవులకు గూడా ఎవురో పూసేసినారు.”

“నువ్వన్నావు, నేననలే.”

“నువ్వేమంటావు?”

“నేనేమంటాను. అది పూత కాదు, కాంక్రీటు. ఇనప కమ్మీలు పెట్టి పోసినారు.”

“నవ్వొద్దు, చెయ్యి కాల్చుకొంటావు. మొత్తానికి ఆ పచ్చది నీకు నచ్చలేదు.”

“నచ్చలేదని యాడన్నాను?”

“నచ్చిందని గూడా అనలే.”

“ఆఖరి పాట ఉండాది చూడు, గిటారు ఒక్కటే మోగేది. దాంట్లో వాడు తాళం తప్పినాడు. తప్పినోడు ఆగలే. సిగ్గుపడలే. ఆ తప్పునే పట్టుకొని ముందుకు పోయినాడు, పోయినాడు, కడాకు అదే తాళమై కూర్చొనింది. అది... పరవాలేదు.”

“పరవాలేదంటే?”

“పరవాలేదంటే పరవాలేదు. దాన్ని ఒంటరిగా కూర్చొని వినొచ్చు. పందిట్లో వేస్తే, సెట్టు చెడిపోయిందని వంటమనిషి గూడా వచ్చి చెప్పిపోతాడు.”

“సరే. ఆ నల్ల అట్టది?”

“దాన్ని తీసుకొనిపోయి పాలారులో వెయ్యి.”

“పాలారులో నీళ్ళు యాడుండాయి?”

“అందుకే చెప్పినాను. మంచినీళ్ళు పాడుచేసిన పాపం రాదు.”

“దాన్ని ఇమో అంటారంట.”

“ఏమో.”

“ఇమో బావా.”

“ఏదో ఒకటి. మొదట గుసగుసమంటాడు. ఏం చెప్తాడో అని చెవి దగ్గర పెట్టుకొంటే, ఒక్కపెట్టున అరుస్తాడు. నేను కుర్చీలో నుంచి లేచి నిలబడినాను, నిజంగా. అంత అరుపు దేనికంటే, ఒక పిల్ల కోసం. పోనీ ఆ పిల్ల ఎవురు? పేరు లేదు, ఊరు లేదు. నేను, నేను, నేను. అంతే. నాకు ఇంగిలీషు రాకపోయినా ఆ ఒక్క మాట తెలుసు, పాటకు నూరుసార్లు వస్తాది.”

“బాధ గదా బావా.”

“బాధ అందరికీ ఉండాది. చావిండ్లలో మన కుప్పమ్మ ఏడుపు పాట పాడితే వినలేదా నువ్వు? పోయినోడి పేరుంటాది. వాడు కట్టిన ఇల్లు, వాడెక్కిన సైకిలు, వాడికిష్టమైన చేపల పులుసు, అన్నీ ఉంటాయి. దారిన పోయేవోడు గూడా నిలబడి కండ్లు తుడుచుకొంటాడు. పోయినోడు ఎవురో వాడికి తెలవనే తెలవదు, అయినా ఏడుస్తాడు. ఈ పిలగాడు ఏడిస్తే వాడి కోసం వాడే ఏడ్చినట్టుండాది. మనకేం పని అక్కడ?”

“అడగలేకపోయినోడి బాధ అది. లోపలనే పెట్టుకొని, పెట్టుకొని, ఇంగ పట్టక...”

“పట్టకపోతే ఆ పిల్ల కాడికి పోయి చెప్పొచ్చు గదా. ఇంటి ముందర నిలబడి ఒక్క మాట. దానికి గిటార్లెందుకు? డ్రమ్ములెందుకు? క్యాసెట్టు చేసి దేశదేశాలకు పంపేదెందుకు? ఊరంతా వినేటట్టు ఏడుస్తాడు, వినాల్సిన పిల్లకు మాత్రం చెప్పలేడు. ఇట్లాంటోణ్ణి ఏమంటారు?”

“ఏమంటారు బావా?”

“పిరికోడంటారు.”

“ఇంగొకసారి చెప్పు.”

“పిరికోడు. ఏం?”

“ఏం లేదు. నీ నోట వినాలని.”

“మైకుతో ఆడుకోవద్దు మీనా. కొత్తది. వేలూరు పోయి తెచ్చినాను. కింద పడిందంటే... అదేంది, మగ్గాలు ఆగినట్టుండాయే. దారం తెగిందేమో. ఏంది నువ్వు, నోటికి చెయ్యి అడ్డం...”

మగ్గాలు ఆగిన ఆ కాసేపూ మీనా చెయ్యి అతని నోటి మీదనే ఉంది. గోడ అవతల దారం ముడిపడి, మగ్గాలు మళ్ళీ ఆడాక గానీ ఆమె చెయ్యి తియ్యలేదు.

“ఎందుకట్ల మూసినావు?”

“పొన్నమ్మవ్వ ముసలిది, సత్రానికి పోలే, ఇంట్లోనే ఉండాది. మన మాటలు వింటే ఏమనుకొంటాది?”

“ఏమనుకొంటాది? క్యాసెట్ల సంగతే గదా మనం మాట్లాడేది.”

“అవును. క్యాసెట్ల సంగతే. మూడోది చెప్పు. వెండి అట్టది.”

“అతుకు సరిగ్గా పడలే. ఆ దీపం ఇటు జరుపు.”

“జరిపినాను. మూడోది చెప్పు.”

“ఇది పందిట్లో హారనుకు పోయే తీగ. పొద్దున నిచ్చెన తగిలి తెగింది. తక్కిన రెండూ బాగుండాయి. వీధి మొగన ఒకటి, సత్రం ముందర ఒకటి. ఆ సత్రం కాడిది మామ మాట కోసం కట్టినాను. మాప్పిళ్ళ వాళ్ళు మన ఊర్లో అడుగు పెట్టినప్పటి నుంచి మన పాటే వినాలంట.”

“నేనడిగింది హారను గురించి కాదు.”

“మూడోదాని గురించి నేను చెప్పను.”

“ఎందుకు?”

“చెప్తే మాప్పిళ్ళను మెచ్చుకొన్నట్టవుతాది.”

“మెచ్చుకో. నీదేం పోతాది?”

“పోతాది. నీకు తెలవదు.”

“బావా.”

“సరే. విను. దాంట్లో డోలు లేదు, గిటారు లేదు. అంతా కీబోర్డు, మిషను. సింతో ఏందో అంటారే...”

“సింథ్ పాప్.”

“అదే. మొదట పెట్టినప్పుడు నవ్వొచ్చింది. ఇది పాటనా, మరమగ్గమా అని. టక్కుటక్కు, టక్కుటక్కు, మనిషి చెయ్యి తగిలినట్టే లేదు. తీసేసి పక్కన పెట్టినాను. నిన్న ఇక్కడ పెట్టెలు దించి, సుమ్మా, ఊరికే ఉండలేక మళ్ళీ పెట్టినాను. అప్పుడు గోడ అవతల మగ్గాలు ఆడతా ఉండాయి. నువ్వు నమ్మవు మీనా. ఆ తాళం, ఈ తాళం ఒకటే. ముందు లేదు, వెనక లేదు. పుట్టినప్పటి నుంచి ఈ వీధిలో నేను తిట్టుకొంటా ఉండే చప్పుడు. దాన్ని ఎవురో, యాడనో, ఈ వీధి మొగం చూడనోడు, పాట చేసి పెట్టినాడు.”

“మాటలు అర్థమైనాయా?”

“ఇంగిలీషు పాటలో నాకు మాట దొరకదు. తాళం వింటే కులుకుగా ఉండాది, పెండ్లిలో వేస్తే పిలకాయలు ఎగురుతారు. గొంతు మాత్రం ఎగరలే. అంత ఆటలో గొంతు ఒక్కటే ఒక మూల నిలబడి ఉండాది. ఎందుకో తెలవలే.”

“నేను చెప్పనా?”

“చెప్పు.”

“ఒక పిల్ల విందులో ఆడతా ఉంటాది. ఎంత సంతోషంగా ఉండాదో అని అందరూ చూస్తా ఉంటారు. అది తలుపు వైపే చూస్తా ఆడతాది, ఒకడు వచ్చి పిలుస్తాడని. వాడు రాడు. పాట ఆగితే, వాడు రాలేదని అందరికీ తెలిసిపోతాది గదా. అందుకని, పాట ఆపొద్దు, పాట ఆపొద్దు అంటాది. అంతే ఆ పాట. బావా, ఈయం కారతా ఉండాది.”

“కారనీ.”

“చెయ్యి కాల్తాది.”

“దాన్ని నిచ్చయంలో ఎట్ల వేసేది మీనా? ఎవురికన్నా మాటలు అర్థమైతే?”

“ఈ వీధిలో ఎవురికి అర్థమవుతాది? నాకు తప్ప.”

“నీకు అర్థమైతే చాలదా? అదే నాకు కోపం. ఈ మాప్పిళ్ళకు చెవి ఉండాది. చెవి లేనోడైతే నాకు పని సులువు, నాలుగు మాటలు తిట్టుకొని ఇంటికి పోయి పడుకొంటాను. ఆ వెండిది ఏరినోడు ఎవురో, వాడి లోపల ఒక మనిషి ఉండాడు. ఆలంగాయంలో సిమెంటు బస్తాల నడిమిలో కూర్చొనేవోడికి ఇంత చెవి ఎందుకిచ్చినాడు దేవుడు?”

“అవి ఆయన పంపలే.”

“ఏంది?”

“మూడూ నావే. మా కాలేజీ హాస్టలు పిల్లకు వాళ్ళన్న ఓడలో పని చేస్తా పంపుతాడు. దాని కాడ అన్నీ విని, నేనే ఏరి, నేనే కాపీ చేయించినాను.”

“మరి మాప్పిళ్ళ?”

“విఘ్నేష్‌కు పాటంటే తలనొప్పి. పిల్లను చూడను వచ్చినప్పుడు నాతో చెప్పింది ఒకటే మాట. ‘ఆ రేడియో రవంత తగ్గిస్తారా’ అని. చెడ్డోడు కాదు బావా. మర్యాదగానే అడిగినాడు.”

“మరి ఆయనవని ఎందుకు చెప్పినావు?”

“నావని చెప్తే నువ్వు నిజం చెప్తావా? రెండేండ్లుగా వేలూరు నుంచి వచ్చినప్పుడంతా నీకు క్యాసెట్టు తెచ్చిస్తా ఉండాను. ఒక్కదానికన్నా ఒక్క మాట చెప్పినావా? ‘బాగుండాది మీనా.’ అది బాగుండాది, ఇది బాగుండాది, అన్నీ బాగుండాయి. ఒకసారి ఖాళీ క్యాసెట్టు ఇచ్చినాను, పరీక్షకు. దానికీ అదే మాట.”

“అది ఖాళీదా? నా మిషనే చెడిపోయిందనుకొని తల విప్పి తుడిచినాను.”

“తుడిచి, ‘బాగుండాది మీనా’ అన్నావు.”

“...ఆ నల్లది గూడా నువ్వే ఏరినావా?”

“నేనే.”

“పాలారులో వెయ్యమంటిని.”

“వేస్తాలే, నీళ్ళు వచ్చినాక.”

“మీనా, కోపం చేసుకోవద్దు. నేనన్నది వెనక్కి తీసుకోను. ఆ నల్లది దండగే.”

“తీసుకోవద్దు. అదే నాకు కావాల్సింది. పిరికోడు అన్నావే, దాన్ని గూడా తీసుకోవద్దు. ఇప్పుడు నాలుగోదానికి చెప్పు.”

“నాలుగోది యాడుండాది?”

“పందిట్లో. సాయంత్రం జరగబోయేది. దాని గురించి నువ్వేమంటావు?”

“అదేమన్నా క్యాసెట్టా?”

“అన్నిటికీ చెప్తావు గదా. కోవిల్లో నాదస్వరానికి చెప్తావు, బస్సు హారనుకు చెప్తావు. దీనికి చెప్పు.”

“పందిరి బాగా వేసినారు.”

“బావా.”

“మాప్పిళ్ళ మంచోడని నువ్వే అంటివి. వాళ్ళ ఇల్లు గట్టి ఇల్లు. మీ నాయనే కట్టినాడు.”

“బావా.”

“సాంబారు వాసన చూస్తివా? వంటమనిషిని కనియంబాడి నుంచి...”

“మీ అమ్మ మా నాయనతో ఏమన్నాది?”

“ఎప్పుడు?”

“తెలవనట్టు అడగొద్దు.”

“పిల్ల కాలేజీ చదివింది, మావోడు తీగలు చుట్టుకొనేవోడు, నీకు సరి అనిపించింది చూసుకో అన్నాది. అన్నతో చెల్లెలు ఇంగేం చెప్తాది?”

“నువ్వేం చెప్పినావు?”

“ఆ పొద్దు నాకు తిరువలంలో సెట్టు ఉండింది. కోవిలు ఉత్సవం.”

“యాడుంటివని నేనడగలే. ఏం చెప్పినావని అడిగినాను.”

“నన్నెవురూ అడగలే.”

“నేను మా నాయన్ను అడిగినాను బావా. నాకీ పెండ్లి వద్దన్నాను. ఏమన్నాడో తెలుసా? ‘మాట చెప్పాల్సిన మేనబావే నోరు మూసుకొని ఉండాడు, నీకెందుకమ్మా ఈ తొల్ల, ఈ రచ్చ’ అన్నాడు.”

“మామ నన్ను బాగానే చూసుకొంటా ఉండాడు. ‘దొరై, సెట్టు నీదే, పరాయివోణ్ణి పిలవను’ అన్నాడు. అంత గౌరవంగా.”

“గౌరవమా? సరే. నేనడిగేదానికి చెప్పు. తాంబూలం తట్ట ముందు ఎవురి ముందర పెడతారు?”

“మేనబావ ముందర.”

“పెట్టి?”

“‘సమ్మతమా’ అని అడుగుతారు. వాడు తట్టను ముందుకు జరిపితే సమ్మతం. వాడు రెండు పక్కల పెద్దోళ్ళు వినేటట్టు ‘మా ఇంటి పిల్ల మా ఇంటికే’ అన్నాడంటే, తట్ట ఆగిపోతాది. ఇదంతా నీకు తెలవనిదా?”

“వాడు అక్కడ లేకపోతే?”

“లేకపోతే సమ్మతమనే అర్థం. వెంటనే గెట్టిమేళం. గెట్టిమేళం పడినాక ఎవురేమన్నా చెల్లదు.”

“మన పందిట్లో మేళగాళ్ళు ఉండారా?”

“లేరు. మేళం క్యాసెట్టే. నేనే వెయ్యాలి. మామ పందిట్లో నుంచి సైగ చేస్తాడు, ఈ కిటికీలో నాకు కనపడతాది.”

“మేనబావ ఎవురు?”

“నేను.”

“తట్ట పెట్టే వేళకు నువ్వు యాడుంటావు?”

“...ఇక్కడ.”

“గౌరవమంటివే. అందుకే నీకీ పని ఇచ్చినాడు బావా. నీ నోరు మూసేదానికి మేళగాళ్ళెందుకు, నీ చేతనే నీ నోటి మీద మేళం వేయిస్తా ఉండాడు. నువ్వేమో దానికి అతుకులు వేసుకొంటా కూర్చొనుండావు.”

“మన వీధి వరదప్ప తాత ఒక కథ చెప్తాడు. ఆయన చిన్నప్పుడు ఒకడు సభలో లేచి మాట చెప్పబోయినాడంట. పెద్దోళ్ళు చూసి మేళగాళ్ళకు కన్ను కొట్టినారు. డోలు పడింది. వాడు నోరు తెరిచింది అందరికీ కనపడింది, మాట ఒక్కరికీ వినపడలే.”

“వాడేమైనాడు?”

“ఏమవుతాడు? భోంచేసి పోయినాడు. పాయసం బాగుండిందంట.”

“నువ్వు గూడా పాయసం తిని పోతావా?”

“నన్నేం చెయ్యమంటావు మీనా? అక్కడికి పోయి నిలబడితే నాకు నోరు రాదు. మామను చూస్తే చాలు, నాలిక అతుక్కొంటాది. పాట గురించైతే ఎంతసేపన్నా చెప్తాను. నా గురించి చెప్పాలంటే... ఆ పచ్చ క్యాసెట్టులో పిలగాళ్ళ మాదిరి, కుర్చీ, గిన్నె, దగ్గు, ఇవే వస్తాయి. మాట రాదు.”

“నాతో చెప్పేదానికి వస్తా ఉండాది గదా.”

“ఇక్కడ నువ్వొక్కదానివే ఉండావు.”

“అవును. నేనొక్కదాన్నే.”

“వినేవోళ్ళు ఎవురూ లేకపోతే ఎవురైనా చెప్తారు.”

“అట్లైతే చెప్పు. సభ లేదు, మామ లేడు, మాప్పిళ్ళ లేడు. తట్ట నీ ముందర పెట్టినారు. ‘సమ్మతమా’ అని అడుగుతా ఉండారు. ఏమంటావు?”

“ఇప్పుడెందుకు?”

“ఇప్పుడు గాకపోతే, ఆ అరుపు పిలగాడి మాదిరి ఊరూరూ తిరిగి ఏడుస్తావా? పోయేటప్పుడు ఒక్కసారి నా చెవిలో పడనీ. అది చాలు నాకు.”

“మా ఇంటి పిల్ల మా ఇంటికే.”

“వినిపించలే. మగ్గాలు.”

“మా ఇంటి పిల్ల... మీనా, తలుపు ఎవురో కొడతా ఉండారు.”

“కొట్టనీ.”

“గట్టిగా కొడతా ఉండారు. ఒక్కరు కాదు.”

“సాంబారుకు కట్టెలు కావాల్సి వచ్చుంటాది. ఇటు తిరుగు. ఇటు, నా వైపు. ఎవురింటి పిల్ల?”

“మా ఇంటి పిల్ల.”

“పేరు లేదా దానికి? కుప్పమ్మ అయితే పేరు చెప్తాది. ఊరు చెప్తాది. పులుసు గూడా చెప్తాది.”

“మీనా. గుడియాత్తం మరమగ్గాల వీధిలో చిన్నరాజు మేస్త్రి కూతురు మీనా. నా మామ కూతురు. పావాడ కట్టుకొన్న రోజుల్లో నా అంగడి మెట్టు మీద కూర్చొని, పాట అయిపోయినా లేవని మీనా. నాకు ఖాళీ క్యాసెట్టు ఇచ్చి పరీక్ష పెట్టిన మీనా. చేపల పులుసులో ఉప్పెయ్యను మర్చిపోయే మీనా. ఆ పిల్లను... ఆ పిల్ల... ఉహు, ఉహు. దగ్గు.”

“చెప్పు బావా.”

“నేను తీగలు చుట్టుకొనేవోణ్ణే. అంతకు మించి ఏం కాదు. అయినా నాకు సమ్మతం కాదు. మామ అడిగినా కాదు, మా అమ్మ అడిగినా కాదు, గెట్టిమేళం నేను వెయ్యను. మా ఇంటి పిల్ల మా ఇంటికే. తాంబూలం నాకియ్యండి. నడిమిలో దగ్గొచ్చి చెడిపోయింది మీనా. మళ్ళీ మొదటి నుంచి చెప్పనా?”

“వద్దు. ఆ దగ్గు గూడా అట్లనే ఉండనీ.”

“ఏంది ఉండనీ?”

“చాలు బావా. ఇంగ నల్ల మర నడిమికి పెట్టి మైకు ఆపేస్తా, నువ్వు పోయి తలుపు తియ్యి.”